మా చెల్లి నటన

మా చెల్లికి కోపం రాదు. దాని వంతు కూడా నాకే వచ్చింది. అందుకే దాని సంగతి నేను చెబుతున్నాను.

మాది లాండ్రీ. ఉతుకు అమ్మది, ఇస్త్రీ నాన్నది, వచ్చిన వాళ్ళతో తగవులు నావి. చెల్లిది చీటీల పని. బట్ట రాగానే అంచుకు గుడ్డ చీటీ కుడుతుంది. తెల్లదైతే మామూలు ఉతుకు, ఎర్రదైతే మరక ఉందని, రెండోసారి ఉతకాలని. పనైపోయాక చీటీ పీకేదీ అదే. చేతి వేళ్ళు మహా చురుకు, నోరు మాత్రం విప్పదు.

విప్పితే నొప్పి మరి. చిన్నప్పటి నుంచీ దాని నోటి నిండా పుళ్ళు. జ్వరం వచ్చిపోతూ ఉండేది, మోకాళ్ళు వాచేవి. కంచం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నాన్న ఏనాడూ చెయ్యెత్తలేదు, ఆ అవసరమూ రాలేదు, మాటతోనే కొట్టేవాడు. "నటనలు చాలు, తిను" అనేవాడు. బడి మానేస్తే నటన, మెట్లెక్కలేకపోతే నటన. ఆయన మాత్రం తిండి పూర్తిగా చల్లారాక, తలెత్తకుండా మింగేవాడు. అమ్మ ఆయన చూడకుండా చెల్లికి చల్లటి పాలు ఇచ్చేది గానీ ఆయన్ని ఒక్క మాట అనేది కాదు. ఆవిడ మీదా నాకు కోపమే.

పోయిన ఏడాది దాని కన్ను ఎర్రబడింది. నిద్ర చాలక అన్నాడు నాన్న. ఆ వారమే ఎర్ర చీటీ కుట్టాల్సిన కోటుకు తెల్లది కుట్టింది. మరకతోనే కోటు వెళ్ళిపోయింది, కోటాయన వచ్చి నానా యాగీ చేశాడు. నాన్న అందరి ముందూ చెల్లి మీద విరుచుకుపడ్డాడు. "కళ్ళు నెత్తికెక్కాయా నీకు?"

ఆయన లోపలికి పోయాక అది నా చెవిలో అంది. "అక్కా, ఈ కంటికి రంగులు తెలియట్లేదే. రెండూ తెరిస్తే అంతా కలగలిసిపోతోంది."

నా ఒళ్ళు మండిపోయింది. ఇస్త్రీ బల్ల దగ్గర నాన్న అరుస్తూనే ఉన్నాడు. షట్టరు సగం దించేసి దాన్ని ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

కంటి లోపల వాపట. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే ఆ కన్ను పోయేదట. డాక్టరమ్మ కన్నూ నోరూ మోకాళ్ళూ అన్నీ కలిపి ఆలోచించి, నెత్తురు జన్యు పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"మన కణాల్లో యుబిక్విటిన్ అని చిన్న ప్రోటీన్ ఉంటుందమ్మా. వేరే ప్రోటీన్లకి చీటీలా అతుక్కుంటుంది. చీటీకి చీటీ తగిలి గొలుసవుతుంది. ఒక రకం గొలుసైతే దెబ్బ తగిలింది, మంట పుట్టించండి అని కబురు. ఇంకో రకమైతే ఈ ప్రోటీన్ని చెత్తలో వేసెయ్యండి అని. ఇక చాలు అన్నప్పుడు ఆ మొదటి గొలుసు పీకి కబురు ఆపడానికి ఏ-ట్వెంటీ అని ఇంకో ప్రోటీన్ ఉంటుంది."

"చీటీ పీకకపోతే ఉతికిన బట్టే మళ్ళీ మిషన్లోకి పోతుంది" అంది చెల్లి.

"అంతే. నీకు ఆ పీకేవాళ్ళు సగం మందే ఉన్నారు. చిన్న గాటుకు కూడా మంట ఆరదు. చావక్కర్లేని కణాలు చచ్చిపోతాయి. అవి పగిలితే మంట ఇంకా రాజుకుంటుంది. అక్కడే పుండు."

మందులు మొదలుపెట్టారు. చూపు చాలావరకు తిరిగొచ్చింది. ఆ కంటికి రంగులు మాత్రం ఇంకా వెలిసినట్టే ఉంటాయి. కన్నవాళ్ళ నుంచి రాగల లోపం కాబట్టి అమ్మానాన్నలకూ పరీక్ష చేయాలంది డాక్టరమ్మ. "డాక్టర్లకి పనేముంది" అని నాన్న ఎగిరాడు. నేను అంతకంటే ఎగిరాను. చివరికి నెత్తురిచ్చాడు.

లోపం నాన్నలోనే ఉంది.

"మీకు నోట్లో పుళ్ళు వస్తాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

"వస్తాయి. అందరికీ వచ్చేవేగా."

"అందరికీ రావండీ."

నాన్న అమ్మ వైపు చూశాడు. "నాకెప్పుడూ రాలేదు" అంది అమ్మ. నా వైపు చూశాడు. రాలేదన్నట్టు తలూపాను.

"మా నాన్న తినమనేవాడు, తినేవాణ్ణి" అన్నాడు మెల్లగా. "అందరూ ఓర్చుకుంటున్నారు, ఇదొక్కతే ఏడుస్తోంది అనుకున్నాను."

అక్కడ నాకు జాలి కలగాలి కాబోలు. కలగలేదు. నొప్పి ఎరగని వాడు తిడితే సరే, ఎరగడు అనుకోవచ్చు. ఈయన ప్రతి ముద్దకూ ఎరిగినవాడు. ఎరిగి ఎరిగి దాన్ని తిట్టాడు! ఇన్నేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ నా నోటిదాకా వచ్చేశాయి.

"ఏదీ, చూపించండి" అని డాక్టరమ్మ టార్చి తీసింది.

నాన్న పెదాలు బిగించాడు. "ఈ వయసులో నాకెందుకమ్మా. బాగానే ఉన్నాను."

నేను లేచేలోపే చెల్లి లేచింది. వెళ్ళి ఆయన కుర్చీ ముందు నిలబడింది.

"నటనలు చాలు నాన్నా" అంది. దాని గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. "నోరు తెరువు."

తెరిచాడు. దవడల లోపలంతా పుళ్ళే. అమ్మ మొహం తిప్పుకుంది. చెల్లి తిప్పుకోలేదు.