మొదటి కుంచం ఎత్తకముందు

పెళ్లయినప్పటి నుంచి ప్రతి చలికాలం చిక్కడపల్లిలోని మా ఇంటికి ఒక చిన్న బియ్యం మూట వచ్చేది. నా భార్య విమల పుట్టిల్లు సిద్దిపేటకు ఇవతల ఒక చిన్న ఊళ్లో. వాళ్ల కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి ఐదు కుంచాలు ఇంటి ఆడబిడ్డ పేరున పక్కకు తీసి, మర పట్టించి పంపిస్తారు. విమల పోయిన ఎండాకాలంలో చనిపోయింది. కార్తీకం దాటాక ఆమె తమ్ముడు సత్తయ్య ఫోన్ చేశాడు. ఆదివారం వడ్లు కొలుస్తున్నామని, ఈసారైనా వచ్చి చూడమని అన్నాడు. వస్తానన్నాను. ఇక మూట పంపవద్దని చెప్పడానికే బయల్దేరాను. అది ఆమె వాటా. ఆమె లేని ఇంట్లో దాన్ని పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు. పైగా ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. రెండు పూటలా అశోక్‌నగర్‌లో, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు తినే మెస్సులో తింటున్నాను. ఇలాంటి మాట ఫోన్లో చెప్పేది కాదు.

పొద్దున ఆరింటికి గ్రంథాలయం దగ్గర ఆటో ఎక్కాను. జూబ్లీ బస్‌స్టేషన్‌కు అరవై అడిగి యాభైకి ఒప్పుకున్నాడు. డ్రైవరుదీ అటువైపు ఊరే. వరికోత చూడటానికి వెళ్తున్నానంటే ముషీరాబాద్ దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు. "గా కోతలకు భయపడే నేనీడికొచ్చి ఆటో తోలుతున్న సార్. మీరు పైసల్ వెట్టి చూడవోతున్నరా?" అన్నాడు. సిద్దిపేట వైపు పల్లె బస్సులు తరచుగానే ఉంటాయి. టికెట్ అరవై రూపాయల లోపే. రెండు గంటల తర్వాత పెద్ద రోడ్డు మీద దిగాలి. అక్కడి నుంచి ఊళ్లోకి షేరింగ్ ఆటో, మనిషికి పది.

సత్తయ్యకు ఎకరన్నర పొలం. పై మడి అప్పటికే కోసి, ఆరబెట్టి, కుప్ప వేశారు. కింది మడిలో ఆడవాళ్లు వరుసగా వంగి కోస్తున్నారు. ఎడమ చేత్తో పిడికెడు దుబ్బు పట్టి, కుడిచేతి కొడవలితో నేలకు దగ్గరగా ఒక్క లాగు. కోసినదాన్ని కంకులన్నీ ఒకవైపే ఉండేలా వెనక్కి పరుస్తారు. రెండు మూడు రోజులు ఎండాక కట్టలు కడతారు. సత్తయ్య భార్య లక్ష్మి నా పక్కన గట్టు మీద నిలబడి మొదటి నుంచీ చెప్పింది. మృగశిర వానలకు దుక్కి దున్ని, మొలకెత్తిన విత్తనాలు నారుమడిలో చల్లి, నెల లోపే నారు పీకి, మోకాలిలోతు బురదలో వెనక్కి నడుస్తూ నాటారట. ఆ తర్వాత రెండుసార్లు కలుపు తీశారట. పనంతా చేత్తోనే. నాట్లకు విమల ఏటా వచ్చేదని నాకు తెలుసు. కోతలకూ రెండు మూడుసార్లు వచ్చింది. నాకే ఎప్పుడూ సెలవు దొరికేది కాదు.

కోసేవాళ్లలో పెద్దావిడ నన్ను పిలిచి కొడవలి చేతికిచ్చింది. "సారుకు కొడవలి ఇయ్యిండ్రి, కూలి మాత్రం ఇయ్యకుండ్రి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నన్ను వరుసలో ఎడమ చివర, ఒడ్డు పక్కన నిలబెట్టింది. "విమల ఎడమచేతిది. నడుమ నిలవడితె పక్కదాని కొడవలికి తాకుతదని గీ కొసకే నిలవెట్టేటోళ్లం. మాకంటె ముందువోయేది" అంది. విమల ఎడమ చేత్తో కూరలు తరగడం చూశాను. వరి కోయడం చూడలేదు. నాలుగు దుబ్బులు కోసేసరికి చూపుడువేలు తెగింది. ఆవిడ కొడవలి తీసుకుని, ఇక చాలంది.

కల్లంలో ఉదయం నుంచే కట్టలను బండకేసి కొడుతున్నారు. గింజ రాలిన గడ్డి ఒకవైపు, వడ్లు ఒకవైపు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పుచారు పెట్టారు. అప్పుడే చెబుదామనుకున్నాను. "సత్తయ్యా, నీతో ఒక మాట చెప్పాలి" అని మొదలుపెట్టాను. గాలి లేచిందని ఎవరో కేకేశారు. తూర్పారపట్టడానికి గాలి కావాలి, అది ఆగితే పని ఆగుతుంది. సత్తయ్య చెయ్యి కడుక్కుని పరుగెత్తాడు. ఎత్తు పీట మీద నిలబడి చేటతో పోస్తుంటే పొల్లు, దుమ్ము ఎగిరిపోయి, గట్టి గింజ కింద పడుతోంది. పొద్దు వాలేసరికి వడ్లు రాశి అయ్యాయి. లక్ష్మి రాశి మీద పసుపు రాసిన వేపరెమ్మ గుచ్చింది. సత్తయ్య చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి కూర్చుని కుంచం అందుకున్నాడు. ఇదే సమయమనుకుని నోరు తెరిచాను. లక్ష్మి వేలు పెదవుల మీద పెట్టుకుని నా వైపు చూసింది. కొలత మొదలైతే కొలిచేవాడు తప్ప ఎవరూ మాట్లాడకూడదట. మాట్లాడితే రాశి తగ్గుతుందని వాళ్ల నమ్మకం. నాకు అది తెలియదు.

సత్తయ్య ఒకటి అనలేదు. "లాభం" అని మొదటి కుంచం నింపి, రాశికి దూరంగా పరిచిన గోనె మీద పోశాడు. తర్వాత రెండు, మూడు, నాలుగు, ఐదు. అన్నీ ఆ గోనె మీదే. ఎవరినీ అడగలేదు. నా వైపు చూడలేదు. ఆరో కుంచం నుంచి సంచుల్లోకి పోశాడు. నేను నిలబడి విన్నాను.

కొలత అయ్యాక సత్తయ్య లేచి తలగుడ్డ విప్పాడు. వచ్చే ఏడు నుంచి కోత మిషన్ పెడుతున్నానని, కోసేవాళ్లు దొరకడం లేదని చెప్పాడు. మిషన్ వడ్లను నేరుగా ట్రాక్టర్‌లో పోస్తుంది. అది అటే మార్కెట్‌కు పోతుంది. కల్లం ఉండదు, రాశీ ఉండదు. "గిదే ఆఖరు బావ. గందుకే రమ్మన్న" అన్నాడు. తలగుడ్డతో మొహం తుడుచుకుని, "ఏదో చెప్తనన్నవ్ గద?" అన్నాడు.

ఏం లేదన్నాను.

లక్ష్మి గోనె మూతి కడుతూ తల ఎత్తకుండానే అంది. "వద్దని చెప్పనీకె వచ్చినవ్, నాకెర్కే అన్న. పొద్దుగాల నుంచి నీ మొఖం చూస్తనే ఉన్న. రాశిలకెల్లి తీసినయి మల్ల రాశిల పొయ్యరు. తీస్కపో."

పెద్ద రోడ్డు పక్కన ఉన్న గిర్నిలో సత్తయ్య ఆ వడ్లు పట్టించాడు. మర నుంచి అప్పుడే వచ్చిన బియ్యం వెచ్చగా ఉంటాయి. మూటను బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను. శామీర్‌పేట వచ్చేదాకా ఆ వెచ్చదనం తెలుస్తూనే ఉంది.

మర్నాడు నారాయణగూడలో మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి కొన్నాను. కొత్త బియ్యం వెంటనే వండితే అన్నం ముద్దవుతుంది. విమల ఉగాది దాకా ముట్టుకోనిచ్చేది కాదు. ఇన్నేళ్లు ఆ బియ్యం తిన్నాను. అవి మా ఇంటికి రాకముందు ఎన్ని చేతులు దాటాయో, అందులో ఆమె చెయ్యి ఎటువైపు ఉండేదో ఆ ఒక్క రోజే చూశాను. డబ్బా వంటింట్లోనే పెట్టాను. ఉగాదికి పొయ్యి వెలిగించాలి. మెస్సులో వంట చేసే ఆయన్ని ఎసరు ఎంత పెట్టాలో అడిగాను.

వెళ్లాలనుకునేవారికి ఒక సూచన. చేత్తో కోసే పొలాలు ఏటా తగ్గుతున్నాయి కాబట్టి ముందే ఫోన్ చేసి, కొలత ఉన్న రోజే వెళ్లండి. ఆ ఇంటివాళ్లకు చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే మొదటి కుంచం ఎత్తకముందే చెప్పండి. ఆ తర్వాత నిలబడి వినడమే.