సొంత వీధికే తక్కువ నీళ్ళు

మా ఆయన్ని ఊళ్ళో అందరూ తూకం అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది మా అన్నయ్యే. మా పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఇంటికొచ్చాడు. ఈయన రొట్టె తుంచి ముగ్గురి పళ్ళేల్లోనూ సమంగా పెట్టారు. ఒక ముక్క కాస్త పెద్దదనిపించిందేమో, దాని అంచు మళ్ళీ తుంచి పక్క పళ్ళెంలో వేశారు. అన్నయ్య చూసి చూసి, "ఏం బావా, తక్కెడ తెప్పించమంటావా?" అన్నాడు. అంతే, ఆ మాట బజారు దాకా పాకిపోయింది. ఆయనకు కోపం రాలేదు. ఆ పేరుతో పిలిస్తే "ఆఁ" అని పలికేవారు కూడా.

నీళ్ళ ఆఫీసులో ఆయనది వాల్వులు తిప్పే ఉద్యోగం. గుట్ట మీద పెద్ద ట్యాంకు ఉంది. అక్కణ్ణించి గొట్టాలు ఒక్కో వీధికీ చీలి వస్తాయి. చీలిన ప్రతిచోటా రోడ్డు మీద ఒక ఇనప మూత, దాని కింద వాల్వు. ఆయన పొడుగాటి ఇనప తాళంచెవి సైకిలుకు కట్టుకుని వెళ్ళి, మూత తీసి, చెవి లోపలికి దింపి, ఒళ్ళంతా మోపి తిప్పేవారు. వేళ అవగానే మళ్ళీ కట్టేసి ఇంకో వీధికి వెళ్ళేవారు. చూసేవాళ్ళకు అది చిన్న పనే. ఎండలు ముదిరితే మాత్రం ఊరందరి కోపమూ ఆ చెవి మీదే. ట్యాంకు సగమే నిండుతుంది. ఒక వీధికి కాసేపు ఎక్కువ వదిలితే ఇంకో వీధివాళ్ళు బిందెలు పట్టుకుని రోడ్డెక్కుతారు. పైగా మా ఊళ్ళో రెండు మతాల వాళ్ళం ఉన్నాం. పై వీధుల్లో ఎక్కువగా మావాళ్ళు, కింద వీధుల్లో ఎక్కువగా వాళ్ళు. ఆ సంగతి గొట్టాలకు తెలియదు, మనుషులకు బాగా తెలుసు.

ఆయనకు భక్తి ఎక్కువ. వెలుతురు రాకముందే లేచి, మొహం కడుక్కుని, గోడవైపు తిరిగి కూర్చుని ప్రార్థన చేసుకునేవారు. పైకి వినిపించేది కాదు, పెదవులు మాత్రం కదిలేవి. ఇప్పటికీ నాకు ఆ వేళకే మెలకువ వస్తుంది. నేను కదిలితే ఆయన ధ్యాస చెదురుతుందేమోనని కాసేపు అలాగే పడుకుంటాను. తర్వాత గుర్తొస్తుంది, ఆయన లేరని.

మా ప్రార్థన మందిరంలో వెనక వరసలో కూర్చునేవారు. డ్యూటీ చొక్కా తొడుక్కున్నాక మాత్రం దేవుడి మాట ఎత్తేవారు కాదు. ఎవరైనా "దేవుడి దయవల్ల ఇవాళ నీళ్ళు బాగా వచ్చాయి" అంటే "ట్యాంకు నిండింది లెండి" అనేవారు. ఒకసారి నేనే దెప్పాను.

"పొద్దున్నే అంతసేపు మొక్కుతారు. గుమ్మం దాటగానే దేవుణ్ణి ఇంట్లో దిగబెట్టి పోతారా?"

"దిగబెట్టడమెందుకు? నాతోనే వస్తాడు. కాకపోతే అక్కడ మాట్లాడడు."

"మాట్లాడకపోతే ఏం చేస్తాడట?"

"చూస్తుంటాడు," అన్నారు సైకిలుకు చెవి కట్టుకుంటూ.

ఇంట్లో నీళ్ళ మాట ఎత్తకూడదన్నది ఆయన ఇంకో నియమం. ఎంత దగ్గర చుట్టమైనా సరే, "ఆఫీసుకొచ్చి పదిమందిలో అడగండి" అనేవారు. వారానికోసారి ఇంజనీరు ఆఫీసు వరండాలో బల్ల వేయించుకుని కూర్చుని జనం గోడు వినేవాడు. చాటున అడిగిన దానికీ అందరిలో అడిగిన దానికీ తేడా ఉంటుందనేవారు ఈయన.

ఒక ఏడు ఎండలు మరీ దంచేశాయి. మా అన్నయ్య అప్పటికి మందిరానికి పెద్ద. ఒక సాయంత్రం వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బావా, వచ్చే నెల మందిరంలో పెద్ద కూడిక పెట్టాం. బయటి ఊళ్ళవాళ్ళు కూడా వస్తున్నారు. ఆ నాలుగు రోజులూ మన లైను కాస్త ఎక్కువసేపు వదిలెయ్."

"ట్యాంకరు కావాలని అర్జీ పెట్టు బావా. ఆఫీసువాళ్ళు పంపిస్తారు."

"అర్జీయా? చెవి నీ చేతిలో ఉంటే నేను అర్జీ పెట్టుకోవాలా? ఇది నా ఇంటి పని కాదు, దేవుడి పని."

"దేవుడి పేరు చెప్పి అడిగితే మరీ కష్టం బావా. రేపు వాళ్ళూ ఆయన పేరే చెప్పి అడుగుతారు. అప్పుడు ఎవరికి వదలను?"

"అసలు నువ్వు మనవాడివా, వాళ్ళవాడివా? అది చెప్పు ముందు."

"డ్యూటీ చొక్కా ఒంటిమీద ఉన్నంతసేపూ నీళ్ళవాణ్ణి."

అన్నయ్య నావైపు తిరిగి, "తూకమని ఊరికే అన్నాను గానీ, నీ మొగుడు ఉట్టి తూకపురాయే తల్లీ. కదలడు, మెదలడు" అని, నేనిచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. నేను పైకి మొహం ముడుచుకున్నాను గానీ, లోపల గర్వంగానే ఉంది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. టీ కొట్టు దగ్గర ఎవరు పుట్టించారో ఏమో, ఒక మాట పుట్టింది. తూకం బావమరిది ఇంటికొచ్చి గుసగుసలాడి వెళ్ళాడట, ఇక పై వీధులకు నీళ్ళే నీళ్ళట. అది ఈయన చెవిన పడింది. తింటూ తింటూ మధ్యలో ఆగిపోయి గోడకేసి చూసేవారు. రెండోసారి వడ్డిస్తానంటే వద్దనేవారు.

అప్పటినుంచే మా వీధి కుళాయిలు ముందుగా ఆగిపోవడం మొదలైంది. గొట్టం ఎక్కడో పగిలిందనుకున్నాం. రోజూ నిండే డ్రమ్ము సగానికే ఆగేది. ఒక పొద్దున కుళాయి కింద బిందె పెట్టి కిటికీలోంచి చూశాను. మా వీధి మొదట్లో, మూత దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. గడియారం చూసుకున్నారు. అటూ ఇటూ చూశారు. వంగి చెవి తిప్పేశారు. మా వంతు ఇంకా చాలా ఉంది. నా వెనక కుళాయి గుటక వేసినట్టు చప్పుడు చేసి ఊరుకుంది.

అప్పుడు అర్థమైంది. ఎవరికీ ఎక్కువ ఇవ్వడం లేదని చూపించుకోవడానికి సొంత వీధికి తక్కువ ఇస్తున్నారు. నిజాయితీ ఆయనది, మోత నాది. తక్కువపడిన నీళ్ళు మార్కెట్టు పక్క కుళాయి నుంచి తెచ్చుకునేదాన్ని. నడుం పట్టేసినా నోరెత్తలేదు. నా ఒక్కదాని సంగతే అయితే ఇంకెన్నాళ్ళు మోసినా ఎత్తకపోయేదాన్నేమో.

మా గోడ పక్కనే ఒక వదిన ఉండేది. చుట్టరికం లేదు, పిలుపులే; మా ఆయన్ని అన్నయ్యా అనేది. ఆమెది వాళ్ళ మతం. వీధంతా మావాళ్ళుంటే మధ్యలో వాళ్ళదొక్కటే ఇల్లు. భర్తకు కాళ్ళు చచ్చుబడిపోయి మంచంలోనే ఉండేవాడు. ఆమె ఒక చిన్న ఆసుపత్రి నుంచి దుప్పట్లు, దిండు గలేబులు తెచ్చి, ఉతికి, ఆరేసి, మడతపెట్టి మర్నాటికి అప్పజెప్పేది. ఆ ఇంటికి ఆ పనే ఆధారం. నీళ్ళు ముందే ఆగిపోయేసరికి దుప్పట్లు సబ్బు నురగతో తొట్టెలో అలాగే ఉండిపోయేవి. జాడించడానికి చుక్క ఉండేది కాదు. ఒకరోజు ఆసుపత్రివాళ్ళు మూట విప్పి, వాసన చూసి తిప్పి పంపేశారు. ఇంకోసారి ఇలా తెస్తే పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారట.

ఆమె గోడ మీంచి పిలిచింది. "వదినా, అన్నయ్యకు మన వీధి మీద ఏమైనా కోపమా?"

"కోపం కాదు వదినా."

"నా మీదా?"

"అయ్యో, నీ మీద ఎందుకూ!"

"అయితే ఒక్క మాట చెప్పిపెట్టు తల్లీ. ఈ పని పోయిందంటే మా మనిషిని మంచంతో సహా తెచ్చి మీ ఇంట్లో దింపుతాను. రోజంతా ఆయన గొణుగుడు నువ్వే విందువుగాని." నవ్వుతూనే అంది గానీ, కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం ఆయన రాగానే మొదలుపెట్టాను. "మన వీధి నీళ్ళు..."

"ఇంట్లో ఆ మాట వద్దన్నానా?"

"పక్కింటి వదిన పని పోతుందండీ."

"ఆఫీసుంది. వచ్చి అడగమను."

"సరే, ఆవిణ్ణి తీసుకుని నేనే వస్తాను."

హాస్యమాడుతున్నాననుకున్నారు.

ఆ వారం వదినా నేనూ వెళ్ళాం. వరండా నిండా జనం. ఇంజనీరు బల్ల పక్కన మా ఆయన, అవసరమైతే జవాబు చెప్పడానికి నిలబడి ఉన్నారు. మా అన్నయ్య కూడా అక్కడే ఉన్నాడు, చివరికి ట్యాంకరుకు అర్జీ పెట్టుకోవడానికి వచ్చి. నన్ను చూసి బంట్రోతు ఎదురొచ్చాడు.

"ఏమ్మా, సారుకు క్యారియరు తెచ్చారా? ఇలా ఇవ్వండి."

"లేదు బాబూ, ఫిర్యాదు చెప్పుకోవాలి. లైన్లో నిలబడతాను."

మా వంతు వచ్చింది. "చెప్పండమ్మా," అన్నాడు ఇంజనీరు.

"మా వీధికి మిగతా వీధులతో సమానంగా నీళ్ళు రావడం లేదు సార్. మా వంతు అవకముందే కట్టేస్తున్నారు."

"ఎవరు కట్టేస్తున్నారు?"

బల్ల పక్కకు చెయ్యి చూపించాను. "మా ఆయనే."

వరండా అంతా గొల్లున నవ్వింది. "ఇది ఇంట్లో తేల్చుకోవాల్సిన తగువమ్మా!" అన్నారెవరో వెనక నుంచి.

"ఇంట్లో నీళ్ళ మాట ఎత్తకూడదని ఆయన నియమం," అన్నాను. ఇంకా నవ్వారు. ఇంజనీరు నవ్వాపుకుంటూ ఈయనవైపు తిరిగాడు.

"ఏమయ్యా, నిజమేనా?"

ఆయన నోట అబద్ధం రాదని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే వచ్చాను.

"నిజమేనండీ," అన్నారు తల వంచుకుని.

"ఎందుకలా?"

"మావాళ్ళ వీధి కదండీ. నా ఇల్లు కూడా అక్కడే. రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపించకూడదని..."

మా అన్నయ్య చటుక్కున లేచాడు. "విన్నారా సార్! మా మతంవాళ్ళమని మాకు నీళ్ళు తగ్గించాడు. దీని మీద మా మందిరం తరపున..."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అన్నయ్యా, నువ్వు కూర్చో. నేను వీధి గురించి అడుగుతున్నాను, మందిరం గురించి కాదు. నీకు ఎక్కువ వదలనని ఆయన అన్నప్పుడు సరిగ్గానే అన్నారు."

అంతమంది మధ్య చెల్లెలు అంతమాట అనేసరికి అన్నయ్య మొహం మాడిపోయింది. కూర్చున్నాడు.

అప్పుడు వదిన మా ఆయన ముందుకొచ్చింది. "అన్నయ్యా, నేను మీవాళ్ళలోదాన్ని కాదుగా. మీవాళ్ళకు తగ్గించాలనుకుంటే నా నీళ్ళెందుకు కట్టేశావు?"

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగా తెలియక అడిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సబ్బుకు పగిలిన ఆమె చేతులకేసి చూసి ఆయన, "తప్పేనమ్మా. మూత దగ్గర నిలబడితే నాకు వీధి కనిపించింది గానీ ఇళ్ళు కనిపించలేదు" అన్నారు.

"అందరికీ ఎంతో మీకూ అంతే. రేపట్నించి తగ్గడానికి లేదు, పెరగడానికీ లేదు," అని ఇంజనీరు తర్వాతివాళ్ళను పిలిచాడు.

సాయంత్రం ఆయన సైకిలు నడిపించుకుంటూ నా పక్కనే ఇంటికి వచ్చారు. సగం దారి వచ్చాక అన్నారు.

"నన్ను పదిమందిలో నిలబెట్టావు."

"పదిమందిలో అడగమన్నది మీరేగా."

ఇంకొంత దూరం నడిచాం. "నేను ఆయనకు జవాబు చెప్పుకుంటున్నాననుకున్నాను," అన్నారు. ఆయన అంటే ఆ చూస్తుండేవాడేనని నాకు తెలిసింది. "కాదు. టీ కొట్టువాళ్ళకు చెప్పుకున్నాను."

ఆ మాట గురించి నేను చాలాకాలం ఆలోచించాను. మనవాళ్ళు కదా అని ఎక్కువ ఇవ్వడం తప్పని ఎవరైనా ఒప్పుకుంటారు. మనవాళ్ళు కదా అని తక్కువ ఇవ్వడం మాత్రం చూడ్డానికి గొప్పగా ఉంటుంది. మచ్చ పడకూడదన్నదీ తన గురించిన ఆలోచనే కదా. ఆయన చొక్కా తెల్లగా ఉండడానికి వదిన దుప్పట్లు మురికిగా మిగిలాయి.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గరే ఉన్నాను. నీళ్ళు ధారగా వస్తున్నాయి. పక్క దొడ్లో వదిన తొట్టె నిండుతోంది. రాత్రికి రాత్రే సంగతి ఊరంతా తెలిసిపోయినట్టుంది. మూత దగ్గర నిలబడ్డ ఆయన్ని చూసి పాలవాడు సైకిలు ఆపాడు.

"ఏం తూకం, పెళ్ళాం ఆఫీసుకొచ్చి నిలదీస్తే తక్కెడ ఇంటివైపు మొగ్గిందటగా?"

ఆయన చెయ్యి వాల్వు తాళంచెవి మీదికి వెళ్ళింది. పట్టుకున్నారు. పాలవాడు అలాగే చూస్తున్నాడు. ఆయన చెయ్యి తీసేసి, రెండు చేతులూ వెనక కట్టుకుని, గోడకు చేరబడ్డ పిల్లాడిలా నిలబడ్డారు. అవతలివాడు విసుగెత్తి వెళ్ళిపోయాడు. వేళ అయ్యాకే ఆయన వంగి కట్టేశారు. వదిన అప్పటికి రెండో జాడింపు కూడా అయిపోయి, దుప్పట్లు పిండుతోంది.

ఆ మాటలు అంత తొందరగా ఆగలేదు. మావాళ్ళు ఈయన్ని మావాడు కాదన్నారు. కింద వీధులవాళ్ళు ఈయన్ని పై వీధుల మనిషన్నారు. మందిరంలో ఆయన పక్కన కూర్చునేవాళ్ళు తగ్గారు. ఆయన మాత్రం ఒక్క ప్రార్థనకూ వెళ్ళడం మానలేదు, ఒక్క వీధికీ వేళ మార్చలేదు. ఒక పొద్దున ఉండబట్టలేక అడిగాను.

"అన్నేసి మాటలంటుంటే మీకు బాధగా ఉండదా?"

"ఎందుకుండదు? ఉంటుంది." చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. "ఉంటే ఉండనీ. కింద వీధి వంతు దాటిపోతోంది, వెళ్ళొస్తా."