అవ్వను అడిగిన ప్రశ్న

వకాలత్ నేర్చుకోవడానికి జనగామ పోయిన రోజు మా వకీల్ సాబ్ నన్ను ఒకటే మాట అడిగాడు. "మీ ఊర్ల పటేలు ముంగట ఎన్నడన్న కుర్చీల కూసున్నవా?"

లేదన్నాను. "అయితే ముందుగాల గది నేర్చుకో" అని కుర్చీ చూపించాడు. అంచు మీద బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే కసిరాడు. వీపు ఆనించి కూర్చునేదాకా వదిలిపెట్టలేదు. నాకు ఒళ్లంతా చెమట పట్టింది.

ఆయన దగ్గర నాకంటే ముందే ఇద్దరు చేరి ఉన్నారు. ఒకడు మానుకోట దిక్కు తండా నుంచి వచ్చినవాడు. ఇంట్లో లంబాడీ, బజార్లో తెలుగు, కోర్టు కచేరీలో ఉర్దూ, మూడూ గడగడా మాట్లాడేవాడు. రెండోవాడు ములుగు ఘనపూర్ అవతల అడవి అంచు ఊరివాడు, క్రైస్తవుల ఇంటి పిల్లవాడు. నాది పాలకుర్తికి దగ్గర్లో ఒక పల్లె. ముగ్గురివీ రెక్కాడితే తప్ప పొయ్యి వెలగని ఇళ్లే.

"పెద్ద వకీళ్లందరు దొరల దిక్కున్నరు. చిన్న వకీళ్లకు పానం మీద తీపి. మరి మీ ఊరోళ్ల దిక్కు నిలబడెటోడెవడు? మీరే నిలబడాలె. ఇంకెవ్వడు రాడు" అనేవాడు సాబ్. మమ్మల్ని ఊరికే పొగిడే రకం కాదు. తప్పు చదివితే పుస్తకం లాక్కునేవాడు, అన్నం టైం దాటినా లేవనిచ్చేవాడు కాదు. ఆ చండాలపు ఉర్దూ కానూన్ పుస్తకాలు గుర్తొస్తే నాకిప్పటికీ తలనొప్పి వస్తుంది.

సాక్షిని తిరగేసి ప్రశ్నలు అడగడాన్ని కచేరీలో జిరహ్ అంటారు. అది మాత్రం ఆయన పుస్తకం లేకుండానే నేర్పాడు. మాలో ఒకణ్ని సాక్షిగా నిలబెట్టి మిగతా ఇద్దర్నీ వాడి మీదికి తోలేవాడు. "అబద్ధమాడెటోడు పెద్ద ముచ్చట్లన్ని కంఠతా పట్టుకొని వస్తడు. నువ్వు గవి అడగకు. పొయ్యి గురించి అడుగు, కుండ గురించి అడుగు. ఆడ దొరుకుతడు" అనేవాడు. తండా దోస్తు సాక్షి వేషం కడితే మేము నవ్వలేక చచ్చేవాళ్లం. వాడు కుండ గురించి అడిగితే కుమ్మరి మీద, కుమ్మరి గురించి అడిగితే గాడిద మీద చెప్పేవాడు.

ఆ నవ్వులు ఎక్కువ కాలం నిలవలేదు. రజాకార్లు పోయారు, యూనియన్ సైన్యం వచ్చింది, ఇక బతికామనుకున్నాం. ఏం బతకడం! గడీలు విడిచి పారిపోయిన దొరలు మిలిటరీ వెనకాలే తిరిగొచ్చారు. దొరల మీద తిరగబడ్డ సంఘం పిల్లలు దళాలు కట్టి అడవి పట్టారు. మా ఊరి బడిలో క్యాంపు పెట్టారు. దళం వాళ్లకు అన్నం పెట్టిన ఇంటివాళ్లు జైలుకే అని డప్పు కొట్టించారు. నాకు సనదు వచ్చింది ఆ రోజుల్లోనే. వాదించే హక్కు చేతికొచ్చిందన్న సంతోషం ముఖం మీద పడకముందే కబురొచ్చింది. మా అవ్వను పట్టుకుపోయారట. మా దిక్కు కన్నతల్లినే అవ్వ అంటాం.

నేరం ఏమిటంటే, సంఘం పిల్లలు ఇద్దరు పొద్దుగూకే వేళ మా ఇంటికి వచ్చారు, ఆమె అన్నం పెట్టింది. తెల్లవారి ఆ ఇద్దర్నీ మా ఊరి జొన్నచేలో కాల్చి చంపారు. అన్నం పెట్టినట్టు ఆమె నోటితోనే ఊరందరి ముందు చెప్పిందని పట్వారీ సాక్ష్యం.

సాబ్ ఉన్నాడు కదా అని గుండె దిటవు చేసుకున్నాను. ఆ వారంలోనే ఆయన్నీ తీసుకుపోయారు. దళం కేసులు పట్టేవాడు కూడా దళం మనిషేనట. జనగామలో ఉన్న వకీళ్ల గుమ్మాలన్నీ ఎక్కి దిగాను. ఒకాయనకు జ్వరం. ఒకాయన ఊళ్లో లేడని లోపలినుంచి ఆయన గొంతే చెప్పింది. ఇంకొకాయన నన్ను అరుగు మీద మధ్యాహ్నం దాకా నిలబెట్టి, "నీకు సనదుంది గదా, నువ్వే చూసుకో" అన్నాడు. ఆ మాటకు వాడి గొంతు పిసకాలనిపించింది. ఏం చేస్తాం, నోరు మూసుకుని వచ్చాను. ఆ ఏడు వరంగల్లు జైలుకు పోయిన మా వాడకట్టు ముసలామె శవమై తిరిగొచ్చింది. మా అవ్వకు అప్పటికే ఉబ్బసం. నాలుగడుగులు వేస్తే పిల్లికూతలు వినిపించేవి. జైలు అంటే ఆమెకు చావే, అందులో నాకు అనుమానం లేదు.

ములాఖత్‌లో కటకటాల అవతల కూర్చుని ఉంది. నన్ను చూసి, తిన్నవా అని అడిగింది. నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి.

"నిజంగ పెట్టినవా అవ్వా?"

చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది. "ఏం పెడుదు బిడ్డా. ముందటి నాడే క్యాంపోళ్లు ఊరంత ఊడ్చుకపోయిరి. ఇంట్ల గింజ లేకపాయె. అవ్వా ఆకలైతుంది అన్నరు. నీళ్లిచ్చిన. తాగి పోయిండ్రు."

నా ప్రాణం లేచొచ్చింది. "మరింకేంది? గదే చెప్పు కచేరిల. ఇడిసిపెడ్తరు."

"చెప్ప."

"ఎందుకు చెప్పవ్?"

"శవాలు ఊర్ల ఉండంగ అండ్ల ఒక పిలగాని తల్లి వచ్చింది. ఆఖరికి నా కొడుకు ఏమన్న తిన్నడా అని ఇల్లిల్లు అడిగింది. నేనేం చెప్పాలెరా? జొన్న గట్క పోసిన, కడుపునిండ తిన్నడు అని చెప్పిన. గప్పుడు జర ఊపిరి పీల్సుకున్నది. ఇప్పుడు పదిమందిల లేదని ఎట్లంట?"

ఆ మాటే పట్వారీ చెవిన పడింది. బతిమాలాను, కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. జైలుకు పోతే చస్తావన్నాను. "సస్తె సస్త. ఆ తల్లి కొడుకును ఒక్కపారి పోగొట్టుకున్నది. మల్ల పోగొట్టద్దు" అని ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె మొండితనం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అంత నిస్సహాయంగా నేను ఎప్పుడూ లేను. ఆమెను కాపాడే నిజం నా దగ్గరుంది. అది ఆమె నోట రావాలి, ఆమె నోరు తెరవదు.

పేషీ రోజు తండా దోస్తు, ఘనపూర్ దోస్తు ఇద్దరూ నా వెనక వచ్చి నిలబడ్డారు. ఆ పిల్లవాడి తల్లి కూడా వచ్చింది. గోడకు ఆనుకుని, నేల మీద కూర్చుంది.

పట్వారీ చెప్పాల్సింది చెప్పాడు. తర్వాత పోలీసు జమేదారు వచ్చి, మా ఇల్లు సోదా చేశామని, గింజ కూడా దొరకలేదని, ఉన్నదంతా దళం వాళ్లకే వండి పెట్టిందని మీసం దువ్వాడు. నేను లేచాను. పొయ్యిలో కొత్త బూడిద ఉందా అని అడిగాను. చూడలేదన్నాడు. ఎంగిలి గిన్నెలు ఉన్నాయా అన్నాను. గుర్తు లేదన్నాడు. జడ్జి విసుక్కున్నాడు. "ముసలామె తానే ఒప్పుకుంటుంటే నీ బూడిద ఎందుకు?" అని, గుమాస్తా చేత ఆమెనే తెలుగులో అడిగించాడు.

"పెట్టిన" అంది అవ్వ. నా వైపు చూడనే లేదు.

ఒక్క ప్రశ్న నా తరఫున అడగమని జడ్జిని వేడుకున్నాను. ఏమనుకున్నాడో, "నువ్వే అడుగు, ఆమె భాషలో" అన్నాడు.

"ఏం వండినవ్?" అన్నాను. అవ్వా అని పిలవడానికి నోరు రాలేదు.

"గట్క."

"జొన్నలు ఎక్కడియి?"

అవ్వ జమేదారు వైపు చూసింది.

"క్యాంపోళ్లు మన ఇంటి జొన్నలు కొంచవోయినంక గట్కకు జొన్నలు ఎవరిచ్చిండ్రు? ఏ ఇంట్ల తెచ్చినవ్? పేరు చెప్పు."

ఏ పేరు చెప్పినా ఆ ఇంటి మనిషి కూడా ముద్దాయిగా ఆమె పక్కన వచ్చి నిలబడాల్సిందే. అది ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకు తెలుసు. అప్పుడు నా వైపు తిరిగింది. ఆ చూపు నేను మరిచిపోవాలన్నా మరిచిపోలేను. ముక్కూ మొహం తెలియనివాణ్ని చూసినట్టు చూసింది.

"ఎవలింట్ల తేలె" అంది.

"మరి గట్క ఎట్లయింది?"

"కాలె. పొయ్యి ముట్టియ్యలె. నీళ్లిచ్చి తోలిన. పిలగాండ్లను ఉపాసమే తోలిన."

గుమాస్తా దాన్ని ఉర్దూలోకి మార్చాడు. అడిగినవాళ్లకు నీళ్లివ్వడం నేరం కాదని జడ్జి విడిచిపెట్టాడు. గోడ దగ్గర కూర్చున్న తల్లి మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

అవ్వను అట్లా అడగడం తప్పని ఎవరైనా అంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఊళ్లనుంచి వచ్చిన పిల్లలకు వకాలత్ నేర్పాను. వాళ్లలో మొగుళ్లపల్లి దిక్కు నుంచి వచ్చిన ఒక ఆడపిల్ల, "గట్ల కన్నతల్లిని అడగొచ్చునా సార్?" అంది. అడగాలన్నాను. అడగకపోతే తల్లి ఉండేది కాదన్నాను. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

ఆ రోజు కచేరీ మెట్లు దిగేసరికి ఆ తల్లి కింద నిలబడి ఉంది. మా అవ్వ ఆగిపోయింది. తిడుతుందో, మీద పడుతుందో అని నేను అడ్డం పోబోయాను. అవ్వ చేత్తో నన్ను పక్కకు జరిపింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అవ్వ ఊపిరి ఎగపోత నాకు వినిపిస్తోంది.

"నీళ్లన్న కడుపునిండ తాగిండా అక్కా?" అంది ఆ తల్లి.

"తాగిండు. ఇంకో ముంత అడిగి తాగిండు" అంది అవ్వ.

ఆమె తల ఊపింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని బజారు దిక్కు నడిచింది. ఆ ఇంకో ముంత నిజమో, మెట్ల దగ్గర అప్పటికప్పుడు పుట్టిన మాటో నాకు తెలియదు. అవ్వ బతికినన్నాళ్లూ ఆ ఒక్కటి నేను అడగలేదు.