సుగుణకు చెప్పుకోవాల్సినవి

ఏడాదికి ఒకసారి, నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండగకు, నేను నెల్లూరు నుంచి అల్లూరు పక్కనున్న మా అత్తగారి ఊరికి వెళ్తాను. ఆ దారిన వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఈ ప్రయాణం రాస్తున్నాను గాని, వెళ్లకపోయినా మీకు పోయేదేమీ లేదని ముందే చెబుతున్నాను. చూడదగ్గవి అక్కడ ఏమీ లేవు. తినదగ్గవి ఉన్నాయి, వాటికి నా పన్ను ఒప్పుకోదు.

నేను వెళ్లేది నా భార్య మేరీ సుగుణ సమాధికి సున్నం కొట్టడానికి. వాళ్ల ఊళ్లో సమాధులకు రంగు వెయ్యరు, రాతి మీద పేర్లు చెక్కించరు. ఏటా సున్నం కొట్టి, దాని మీద నీలం రంగుతో పేరు రాస్తారు. స్టోన్‌హౌస్‌పేటలో రంగుల దుకాణంలో పనిచేసేవాణ్ణి కాబట్టి, పెళ్లయిన కొత్తలో నాకు ఇది పిసినారితనంగా తోచింది. మా అత్తగారిని అడిగేశాను కూడా. "రంగేస్తే ఐదేండ్లుంటాది నాయనా, ఆ ఐదేండ్లూ ఎవురూ రారు. సున్నం వానకు పోతాది. పోతాది గాబట్టే మళ్లా వస్తారు" అందామె. ఇప్పుడు ఆమె కూడా ఆ వరుసలోనే ఉంది. తాడిచెట్టు వైపు నుంచి మొదటిది మా మామగారిది, రెండోది అత్తగారిది, మూడోది సుగుణది. నెల్లూరులోనే పెడదామంటే వినలేదు, అమ్మ పక్కనే పెట్టమని మాట తీసుకుని పోయింది.

సున్నం ఒక వంక. అసలు నేను వెళ్లేది సణుక్కోవడానికి. నాకు అన్నిటితోనూ పేచీయే. సుగుణ బతికున్నన్నాళ్లూ నేను ఇంటికి రాగానే మొదలుపెట్టేవాణ్ణి: చెప్పు కరిచిందని, యజమాని కసిరాడని, మురిక్కాలవ పొంగిందని, ఓటేసినవాడు మొహం చూపించలేదని. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ అంతా వినేది. సలహా ఇచ్చేది కాదు, సర్దుకోమనేది కాదు. చివర్న మాత్రం, "అయిపోయిందా? ఇంకేమన్నా ఉండాదా?" అని అడిగేది. ఉంటే చెప్పేవాణ్ణి, లేకపోతే అన్నం పెట్టేది. పోయాక కూడా ఏడాది సణుగుడంతా కూడబెట్టి తీసుకెళ్లి ఆమె దగ్గర దింపి వస్తున్నాను.

పోయినేడు మాత్రం వెళ్లలేదు, హెర్నియా ఆపరేషనై మంచం మీద ఉన్నాను. ఆమె తమ్ముడు యేసురత్నం ఆ ఊళ్లోనే సేద్యం చేస్తాడు. "నేను చూసుకుంటాలే బావా" అన్నాడు ఫోన్లో. ఈ ఏడు పండగ దగ్గరపడిందని వారం నుంచి చేస్తుంటే ఫోన్ ఎత్తడం లేదు. అంటే నాకు రెండేళ్ల బాకీ ఉంది చెప్పుకోవడానికి.

పొద్దున ఆరింటికి బస్టాండుకు చేరాను. బంగాళాఖాతంలో వాయుగుండం, రాత్రంతా ముసురు. సున్నం కొట్టాల్సిన రోజునే వాన రావాలని ఎవరు రాసిపెట్టారో తెలియదు. చేతిలో సున్నం సంచి, బకెట్టు, కుంచె, చిన్న డబ్బాలో నీలం రంగు, బంతిపూలు. హోటల్లో కారం దోసె ఎర్రగా కాలుతోంది. నెల్లూరులో పుట్టి కారం దోసె తినలేని బతుకు పగవాడికి కూడా వద్దు. ఇడ్లీని టీలో ముంచి ఎడమ దవడతో నమిలాను. కుడి దవడలో పన్ను పీకించుకోమని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది, షుగరు తగ్గితే గాని పీకనని చెప్పిందీ ఆయనే.

పల్లెవెలుగు బస్సు బయల్దేరేసరికి ఏడు దాటింది. ఆడవాళ్లకు టిక్కెట్టు లేదన్నప్పటి నుంచి నాలాంటి మోకాళ్ల నొప్పులవాడికి సీటు దొరకడం గగనమైపోయింది. పెన్న వంతెన దాకా దాని మీదే తిట్టుకున్నాను. తర్వాత, సుగుణ ఉండుంటే ప్రతి ఆదివారం ఈ బస్సెక్కి వాళ్ల ఊరికి పోయేది కదా అనిపించి నోరు మూసుకున్నాను.

కోవూరులో సీటు దొరికింది. పక్కన తెల్లచొక్కా పెద్దమనిషి పేపరు చదువుతున్నాడు. రోడ్డు గుంతల గురించి నేను మొదలుపెట్టగానే ఆయన పేపరు మడిచాడు.

"ఎవురికేసినా ఇంతేలే అన్నా. ఏ రాయైతే ఏంది, పండ్లు రాలగొట్టుకునేదానికి?"

"పంటి మాట ఎత్తబాకన్నా" అన్నాను.

ఆయన నవ్వి, తన వంతు మొదలుపెట్టాడు. కరెంటు బిల్లు, కోడలు, మూత్రంలో మంట, మళ్లీ కరెంటు బిల్లు. నేను చెబుదామంటే సందివ్వలేదు. ఎదుటివాడి సణుగుడు వినడం ఎంత కష్టమో అల్లూరు దాకా అనుభవించాను. ముప్పై ఏళ్లు ఆమె ఎలా విన్నదో నాకు తెలియదు.

అల్లూరులో షేర్ ఆటో. మనిషికి ముప్పై రూపాయలు, బకెట్టుకు ఇంకో పది. బకెట్టు కూర్చుంటుందా అని అడిగితే, "అది మీకంటే ఎక్కువ జాగా పట్టింది సార్" అన్నాడు ఆటో అతను. ఒకప్పుడు ఈ దారికి రెండు పక్కలా వరి ఉండేది. ఇప్పుడు అన్నీ రొయ్యల గుంటలే. నీళ్లలో ఫ్యాన్లు తిరుగుతుంటాయి, ఆ చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. బోర్లలో ఉప్పునీళ్లు వస్తున్నాయని ఊళ్లోవాళ్లే అంటారు, గుంటలు లీజుకిచ్చిందీ ఊళ్లోవాళ్లే.

సమాధుల దొడ్డి ఊరి బయట ఉంటుంది. దానికి ప్రహరీ గోడ కడతామని రెండు ఎన్నికలకు రెండు శిలాఫలకాలు వేశారు. ఒకటి నల్లరాయి, ఒకటి ఎర్రరాయి. గోడ రాలేదు. దొడ్డి మొత్తంలో అక్షరాలు చెక్కిన రాళ్లు ఆ రెండే. లోపలున్నవాళ్ల పేర్లు వానకు కొట్టుకుపోతాయి, గోడ కట్టనివాళ్ల పేర్లు బంగారు రంగులో మెరుస్తుంటాయి.

యేసురత్నం రాలేదు, ఫోనూ ఎత్తలేదు. నేనే లోపలికి వెళ్లాను. వెళ్లగానే దిక్కు తోచలేదు, తాడిచెట్టు లేదు. అటు పక్క రొయ్యల గుంట కట్ట కనపడింది, మనిషెత్తున, కొత్త మట్టితో. చెట్టు కొట్టేశారు కాబోలు అనుకున్నాను. వెధవలు, ఏదీ మిగల్చరు. ఈ సంగతి కూడా సుగుణకు చెప్పుకోవాలి. ముసురుకు ఇంకా ఎవరూ వచ్చినట్టు లేదు, ఏడాది వానలకు సమాధులన్నీ ఒకే బూడిద రంగులో, నాచు పట్టి ఉన్నాయి. ఒక్క పేరూ లేదు. కట్ట వైపు నుంచి లెక్కబెట్టి మూడోదాని దగ్గర బకెట్టు దింపాను.

నాచు గీకి, చేతిపంపు దగ్గర నీళ్లు పట్టి, సున్నం కలిపి కొట్టాను. వాన కాసేపు తెరిపిచ్చింది. పైన నీలం రంగుతో "మేరీ సుగుణ" అని గుండ్రంగా రాశాను. పూలు పెట్టి, పక్కన కూలబడి మొదలుపెట్టాను.

పంటి నొప్పి చెప్పాను. మోకాలు చెప్పాను. ఆపరేషను కుట్లు ఇప్పటికీ దగ్గితే గుంజుతున్నాయని చెప్పాను. దుకాణంలో కంప్యూటరు పెట్టి నన్ను గోడౌను కాపలాకు కూర్చోబెట్టారని, గూడూరులో ఉన్న మన అమ్మాయి రోజూ ఫోన్లో పూల బొమ్మ పంపి "పాజిటివ్‌గా ఉండండి నాన్నా" అంటుందే గాని, అన్నం తిన్నావా అని అడగదని చెప్పాను. ఓటు ఎవరికేశానో చెప్పాను, ఎందుకేశానో నాకే తెలియదని చెప్పాను. చివరికి అసలుది చెప్పాను. ఇంట్లో సాయంత్రాలు భరించలేకపోతున్నాను సుగుణా. టీవీలో వాళ్లు అరుస్తారు, టీవీ మీద నేను అరుస్తాను, ఎవరూ వినరు. ఒక్కోరోజు పొద్దున లేవాలనిపించడం లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక కళ్లు తుడుచుకుని, కొంచెం తేలికపడ్డాను కూడా.

అప్పుడు వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వినపడింది. "ఎవురన్నా మీరు? మా నాయనకు సున్నం కొట్టినారే?"

నలభై ఐదేళ్లుంటాయి. చేతిలో కొవ్వొత్తుల పొట్లం, చిన్న బకెట్టు. కాంతమ్మ అట పేరు, రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. ఇది మా ఆవిడదమ్మా, తాడిచెట్టు నుంచి మూడోది అన్నాను. ఆమె సమాధి వైపు, నా వైపు, నేను రాసిన పేరు వైపు చూసి, బకెట్టు కింద పెట్టింది.

"యేసురత్నం అక్క మొగుడా మీరు? ఆయన చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు?"

ఆమె గుంట కట్ట వైపు చెయ్యి చూపించింది. "పోయినేడు వానలకు గుంట తెగేట్టు ఉంటే, మిషను తెచ్చి ఒక్క రోజులో కట్ట లావు చేసినారన్నా. ఆ తట్టున ఉండేటివి మూడూ దాని కిందకు పోయినాయి. తాడిచెట్టు కూడా. మేం అడ్డం పోతే, గుంట తెగితే ఊరే మునుగుతాదన్నారు. అర్జీలు పెట్టినాం. ఎవురూ రాలా."

నేను లెక్క తప్పలేదు. వాళ్లే మొదటి మూడూ లేకుండా చేశారు. నాకు మూడోది, అసలు వరుసలో ఆరోది. మళ్లీ అక్కడే కూర్చున్నాను.

"గంట నుంచి మాట్లాడుతున్నానమ్మా ఈయనతో" అన్నాను.

"మా నాయనకు చెముడన్నా" అందామె మెల్లగా. "బతికినప్పుడు చెవి కాడ అరిచినా ఇనపడేది కాదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదడం అని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ సామెతకు నా అంత నికార్సయిన సాక్షి జిల్లాలో ఇంకొకడు ఉండడు. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కుట్లు గుంజాయి, నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకు తెలియలేదు. కాంతమ్మ పక్కన కూర్చుని, కొవ్వొత్తుల పొట్లం విప్పింది.

తర్వాత లేచి, పూలు తీసి సంచిలో పెట్టుకుని, కుంచె తీసుకున్నాను. "ఉండనీలే అన్నా, మా నాయన ఏమనుకోడు" అంది. అలా ఎలా ఉంటుంది? నా చేత్తో రాసిన పేరు మీద నా చేత్తోనే సున్నం పూశాను. తడి నీలం సున్నంలో కలిసి, మూడు పూతలకు గాని పోలేదు. దాని మీద కాంతమ్మ చెప్పినట్టు "దావీదు" అని రాసిచ్చాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు యేసురత్నం వచ్చాడు. ఎవరో కబురు చేసినట్టున్నారు.

"ఫోన్లో చెప్పే సంగతా బావా అది? నువ్వు ఆపరేషనై పడుండావు. ఈ ఏడు చెబుదామనుకుంటే నోరు రాలా. దాని పక్క గుంట నేను వాళ్లకు లీజుకిచ్చిందే. వాళ్లను గట్టిగా అడిగేదానికి నాకు మొకమేడిది?"

వాణ్ణి తిట్టడానికి రెండేళ్ల తిట్లు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. వాడు పోగొట్టుకున్నవి మూడు, అమ్మా, నాయనా, అక్కా. ఇద్దరం గుంట కట్ట ఎక్కాం. బురదలో నా మోకాలికి వాడి భుజమే ఆసరా అయింది. బకెట్టులో సగం సున్నం మిగిలి ఉంది. సుగుణ ఎక్కడ ఉంటుందో వాడు అడుగులతో కొలిచి చూశాడు. "ఈ తట్టునే బావా" అన్నాడు గాని, వాడికీ తెలియదు. అక్కడే కుమ్మరించాను. అవతల నుంచి కాపలా మనిషి కేకేశాడు. గొడవకొస్తాడనుకున్నాను, రావాలని కూడా కోరుకున్నాను.

"పొయ్యండి సామీ, పొయ్యండి! వానకు రొయ్యలకు మంచిదే. మేమూ నిన్న చల్లినాం."

అప్పుడు కిందికి చూశాను. కట్ట పొడుగునా సున్నం చల్లే ఉంది. వాన పడితే గుంట నీళ్లు పాడవకుండా చల్లుతారట. నేను రాకపోయినా ఆమె మీద సున్నం పడుతూనే ఉంది. అది చాలని సరిపెట్టుకోవచ్చేమో, నాకు చేతకాలేదు. పూలు కూడా అక్కడే పెట్టి దిగాను.

యేసురత్నం భార్య రొయ్యల ఇగురుతో అన్నం పెట్టింది. నా పంటికి మెత్తటి కూరే గాని, ఆ గుంటల రొయ్య నోట్లోకి పోలేదు. మజ్జిగ పోసుకుని లేచాను. నాలుగింటికి ఆటో, ఐదింటికి అల్లూరులో బస్సు. ఈసారి సీటు వెంటనే దొరికింది. ఖాళీ బకెట్టు ఒళ్లో పెట్టుకున్నాను. మీరెప్పుడైనా ఆ దారిన వెళితే, వాన రోజున వెళ్లకండి, బకెట్టు తీసుకెళ్లకండి. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పక్క సీట్లో కాలేజీ అమ్మాయి ఫోన్లో పాటలు పెట్టి వింటోంది. కోవూరు దాటాక, అలవాటు కొద్దీ ఆ రోజు కష్టాలన్నీ మనసులో వరుసగా పేర్చుకోవడం మొదలుపెట్టాను. వాన, పన్ను, నిలబడి చేసిన ప్రయాణం, తెల్లచొక్కాయన సోది, బకెట్టుకు పది రూపాయలు, నరికేసిన తాడిచెట్టు, చెవిటి దావీదు. ఇవన్నీ సుగుణకు చెప్పాలి. ఇక ఆఖరిదాని దగ్గరకు వచ్చాను. సుగుణ సమాధి పోయింది. ఇంత పెద్ద కష్టం నాకెప్పుడూ రాలేదు. వస్తే మొదట చెప్పుకోవాల్సింది ఆమెకే.

బస్సు పెన్న వంతెన ఎక్కింది. అయిపోయిందా, ఇంకేమన్నా ఉండాదా అని అడిగినట్టే అనిపించింది.

"ఉండాది" అన్నాను, పైకే.

ఆ అమ్మాయి పాట ఆపి నా వైపు చూసింది. "ఏంది తాతా?"

"ఏం లేదు తల్లీ" అన్నాను.