అవ్వ కురిపించిన దొంగవాన

నా చిన్నప్పుడు ఒక ఏడు మా ఊరు పిక్కిలిలో వాన మొహం చాటేసింది. రెండు జల్లులు పడి, నేల తడిసీ తడవకముందే మబ్బు తేలిపోయింది. రాగి మొలకలు ఎండిపోయాయి. చేలో పని లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. అమ్మానాన్నలు కూలి వెతుక్కుంటూ పాలకోడు వైపు వెళ్లారు. నేనూ చెల్లీ అవ్వ దగ్గర ఉన్నాం. చెల్లికి అప్పుడే జ్వరం తగ్గింది. జ్వరం పోయాక వచ్చే ఆకలి ఎంత మొండిదో దాన్ని చూసే నాకు తెలిసింది. పలుచటి అంబలి తాగి, గిన్నె నాకి, ఇంకా కావాలని నా పావడ పట్టుకుని లాగేది.

ఒక సాయంత్రం అవ్వ మమ్మల్ని చేనుగట్టు మీది చెదపుట్ట దగ్గరికి తీసుకెళ్లింది. లోపల చెదలు ఉసిళ్లయి, రెక్కలు తొడుక్కుని వాన కోసం కాచుకుని ఉన్నాయని చెప్పింది. పుట్ట బొక్క దగ్గర కుండ పాతి, చుట్టూ ఆకులు కప్పి, పైన చెంబుడు నీళ్లు చిలకరించింది. తర్వాత బోర్లించిన డబ్బా మీద రెండు పుల్లలతో చినుకులు పడుతున్నట్టే కొడుతూ కూర్చుంది. కాసేపటికి ఉసిళ్లు నిజం వానే అనుకుని బిలబిలా బయటికొచ్చి కుండలో పడ్డాయి. నాకు నవ్వు ఆగలేదు. చెల్లయితే పచ్చివే నోట్లో వేసుకోబోయింది.

కుండ అడుగు నిండిందో లేదో అవ్వ పుల్లలు పక్కన పెట్టేసింది. ఇంకా వస్తున్నాయి కదా, కొట్టమని బతిమాలాను. చెల్లి ఏడుపు అందుకుంది.

"అంతా మనమే ఎత్తుకుంటే కొత్త పుట్టలు ఏడ పుడతాయి పాపా? కప్పకేం మిగులుతాది, కాకికేం మిగులుతాది? అవీ వానకే కాచుకోనుండాయి," అంది అవ్వ.

కప్పా కాకీ మా చెల్లికంటే ఎక్కువా అని అడిగేశాను. అవ్వ కుండ పైకి తీసి చంకన పెట్టుకుంది. ఇంటికొచ్చి ఉసిళ్లు వేయించి, రెక్కలు చెరిగి, గుప్పెడు రాగులు కలిపి, తన వాటా కూడా చెల్లికే పెట్టింది. అయినా దానికి చాలలేదు.

కొన్నాళ్లకు నిజం వాన కురిసింది. అవ్వ నన్ను మళ్లీ అక్కడికే తీసుకెళ్లి, ఈసారి ఊరికే కూర్చుని చూడమంది. ఉసిళ్లు పొగలా లేచాయి. కప్పలు, తొండలు, కాకులు, చీమలు, మా కోళ్లు, అన్నీ పెళ్లి భోజనానికి వచ్చినట్టు వచ్చాయి. తప్పించుకున్నవి రెక్కలు రాల్చి, జంటలుగా తడిమట్టిలో దూరాయి. రాలిన ఆకునీ పుల్లనీ తిని మట్టి చేసేవి ఈ చెదలేనని, ఈ కప్పలే రేపు మన చేలో పురుగు తింటాయని అవ్వ చెప్పుకొచ్చింది. విన్నాను గానీ నాకు కోపం పోలేదు.

ఇప్పుడు ఆ గట్టు లేదు. జేసీబీతో చదును చేసి ఇళ్ల స్థలాలకు రాళ్లు పాతారు. తొలి వానకు వీధి దీపం కింద నిలబడి చూస్తాను. ఉసిళ్లు రావు, కప్ప అరుపూ వినబడదు. మిగిలిన చేలో పురుగుమందు కొట్టనిదే పంట దక్కడం లేదని మా అబ్బాయి మొత్తుకుంటాడు. అవ్వ మాట అప్పుడు గుండెలో గుచ్చుకుంటుంది.

ఆకుకూర కోసినా, చింతకాయ రాల్చినా కొంత అక్కడే వదిలేస్తాను. కోడలు విసుక్కుంటుంది, నేను మానుకోలేను. చెల్లి ఇప్పుడు మనవళ్లతో చల్లగానే ఉంది. ఆ సాయంత్రం దానికి గుర్తే లేదట. అవ్వ చేసింది సరైనదేనని నమ్ముతాను. నమ్ముతూనే, చెల్లి మా ఇంటికి వచ్చినప్పుడల్లా అడగకుండానే దాని కంచంలో ఇంకో ముద్ద వేస్తాను.