ఎంగిలి సోకని థర్మామీటరు

మొన్న సిద్దిపేటలో డాక్టరు గది ముందు, ఒక అమ్మాయి నా నుదుటికి ప్లాస్టిక్ తుపాకీ లాంటిది గురిపెట్టి "నార్మలే ఉంది మేడం" అంది. అలాంటి అంకెలను నమ్మడం నేను ఎనిమిదో ఏటనే మానేశాను.

ఎనభైల చివర, భూములూ పల్లెలోని పెద్ద ఇల్లూ పోయి మేము సిద్దిపేటలో కిరాయి ఇంటికి చేరినా, తాత మాత్రం ఇస్త్రీ ధోవతినీ, తన తండ్రి హైదరాబాదులో కొన్న థర్మామీటరునూ వదల్లేదు. కోమటిచెరువు నిండి, తంగేడు పూసి, ఇంటింటా సత్తుపిండికి నువ్వులు వేయించే కమ్మటి వాసన వచ్చే రోజుల్లో ఎవరి ఒళ్లు వెచ్చబడినా, తాత ఆ థర్మామీటరు వెండి గొట్టం తెరిచేవాడు. నోట్లో పెట్టనిచ్చేవాడు కాదు, ఎంగిలి. బట్టల మీదుగానే చంకలో ఇరికించి, నిమిషం కాగానే లాగేవాడు.

నా ఎనిమిదో ఏట, ఆ బతుకమ్మ రోజుల్లోనే ఆరేళ్ల మా చెల్లెకు జ్వరం వచ్చింది. తాత థర్మామీటరులో పాదరసం తొంభై తొమ్మిది దాటలేదు.

"మామా, పిల్ల పెయ్యి పొయ్యి లెక్క కాలవట్టింది. దవాఖానకు తీస్కపోదాం" అంది అమ్మ.

"నీ అరచేతుల గీతలు డిగ్రీలు చూపెడ్తయా, కోడలా?" అని తాత నవ్వాడు.

పక్కింటి ముసలి కంపౌండరు చూడవచ్చాడు. "దొరా, గది నాలిక కింద వెట్టాలె. గిట్ల వెడ్తే తక్కువ సూపెడ్తది."

"ఒకరి నోట్లది ఇంకొకరి నోట్ల పెట్టుడు మీ దవాఖానల నడుస్తది. మా ఇంట్ల నడువది."

ఆయన చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.

చెల్లె, నేను ఒకే చాప మీద పడుకునేవాళ్లం. దాని ఒంటి వేడి నా వీపును కాల్చేది. అయినా నేను నోరు విప్పలేదు; మా ఇంటి థర్మామీటరు తప్పు చెబుతుందని నాకూ తోచలేదు.

ఐదోనాడు చెల్లె పిలిస్తే పలకలేదు. అమ్మ ఎవరినీ అడగకుండా దాన్ని ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తింది, నేను వెనకే. నర్సు నాలుక జోలికే పోలేదు. గౌను విప్పి, చంక తుడిచి, థర్మామీటరు పెట్టి అయిదు నిమిషాలు అదిమి పట్టింది. నూట నాలుగు.

"మెదడుకు ఎక్కింది. గిన్ని రోజులు ఏం చేసిన్రమ్మా?" అన్నాడు డాక్టరు.

చెల్లె బతికింది. కానీ జ్వరంతో పోయిన వినికిడి తిరిగి రాలేదు.

తాత మరో పదేళ్లు ఉన్నాడు. ఆ ఊసు ఎత్తలేదు. ఇప్పుడు ఆ కిరాయి ఇంటి జాగలో మొబైల్ షాపులున్నాయి, సత్తుపిండి పొట్లాల్లో దొరుకుతోంది, మమ్మల్ని దొరలనే నోళ్లు లేవు. వాటికి నేను ఏడవను. "తప్పు నాదే" అని తాత ఒక్కసారి అని ఉంటే, చెల్లెకు వినబడకపోయినా, అమ్మకైనా వినబడేది.