కుడి భుజానికెక్కిన పైట

ఫొటోను కుడి ఎడమలు తిరగేసి వేలాడదీశారు. అది చాలదన్నట్టు కింద ఒక చీటీ: "పారిస్ గౌనుకు నకలు. కుట్టినవారెవరో తెలియదు."

పోయిన నెల ఇక్కడ సింగపూరులో పాత ఫ్యాషన్ ఫొటోల ప్రదర్శన పెడితే, నేనుండే టాంపినీస్ పేట నుంచి ముచ్చటపడి రైలెక్కి వెళ్లాను. ఆ నెగెటివ్ కడిగిన చేతులు నావే. అరవైల చివర ఇక్కడే ఒక స్టూడియో డార్క్‌రూమ్‌లో పనిచేసేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా ఆ ఎర్రదీపం కిందే.

మా స్టూడియోకి గౌన్లు కుట్టే నరసమ్మక్కది శ్రీకాకుళం వైపు. కాగితం మీద ప్యాటర్న్ గీయడం ఆమెకు రాదు. మోడల్ ఒంటి మీదే గుడ్డ వేసి, పిన్నులు గుచ్చి, దూరం జరిగి చూసి, అప్పుడు కత్తెర పట్టేది. ఆ రోజు నల్ల శాటిన్. ఎడమ భుజం మీద కుచ్చిళ్లుగా ఆగి, వీపు మీదుగా నేల దాకా జారింది. లైటు పడగానే మడత మడతా విడిగా మెరిసింది. అంత అందమైన గౌనును మళ్లీ ఎన్నడూ ప్రింటు చేయలేదు.

"ఏ పారిస్ పత్రికలో చూసిందట?" అని మా టౌకే, అంటే యజమాని, మలయ్‌లో అడిగాడు.

"పారిస్ ఏటిరా! అది నా పైట. సెప్పు నీ టౌకేకి," అంది అక్క. చెప్పాను. ఆయన లైటును ఎడమ వైపుకు జరిపాడు.

ఈ తప్పు మొదట చేసింది నేనే. నెగెటివ్‌కి మెరిసే వైపొకటి, ఎమల్షన్, అంటే మందు పూసిన వైపొకటి ఉంటాయి. మందు వైపు కాగితం కేసి ఉండాలి, లేకపోతే బొమ్మలో కుడి ఎడమలు తారుమారవుతాయి. తొందరలో తిప్పి పెట్టాను. ట్రేలో బొమ్మ తేలగానే, పక్కన నిలబడ్డ అక్క అరిచింది: "ఓరి సచ్చినోడా, నా పైట కుడి భుజానికెలాగెక్కిందిరా?" అప్పటికప్పుడు ఆ ప్రింటు చించేశాను. ఇన్నేళ్లకు అదే తప్పు ఫ్రేము కట్టించుకుని గోడకెక్కింది. కుడి భుజాన ఉంటే అది పైటని ఎవరికి తోస్తుంది?

ప్రదర్శన చూసుకునే తెలుగమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఫొటో తిరగబడిందన్న నా మాట విని నవ్వింది. "ఎటు తిప్పినా సేమ్ గౌనే లా, అంకుల్," అంది, ఇక్కడివాళ్ల అలవాటుగా మాటకు 'లా' తగిలించి.

"సేమా? ఆడవాళ్ల గౌనుకు జిప్పు ఎడమ పక్క కుట్టులో ఉంటుంది. మీ బొమ్మలో ఏ పక్కనుందో చూడు తల్లీ! కుట్టిన మనిషిని నకలు కొట్టిందన్నారు, పేరు కూడా లేకుండా చేశారు."

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. ఇంటికొచ్చి ఆ పిల్లకు ఇదంతా ఉత్తరం రాశాను. బొమ్మ బాగుందని మురిసేముందు ఏ వైపు పెట్టామో చూసుకోవాలని నాకు నేర్పింది నరసమ్మక్కే అని కూడా రాశాను. నిన్న జవాబు వచ్చింది:

"అంకుల్, నెగెటివ్ తీయించి చూశాం. మీరన్నట్టే తిరగబడింది. సారీ. కొత్త ప్రింటు మా అమ్మకు చూపించాను. చూడగానే 'పైట కదే ఇది!' అంది. చీటీ మార్చాం. 'గౌను: నరసమ్మ' అని పెట్టాం. ఆవిడ ఇంటిపేరు చెప్తారా? అది కూడా రాయాలి."